సీ ప్రోగ్రామ్‌లో మెమరీ తప్పు దొరకాలంటే: ప్రింట్‌ఎఫ్, జీడీబీ, వాల్‌గ్రైండ్, అడ్రస్ శానిటైజర్‌లలో ఏది ఎప్పుడు?

బీటెక్ మొదటి సంవత్సరంలో ఉన్న మా పిన్ని కొడుకు ఒక రాత్రి పదకొండింటికి ఫోన్ చేశాడు. "అన్నా, వారం నుంచి బాగా నడుస్తున్న ప్రోగ్రామ్ ఇవాళ చచ్చిపోతోంది. నేను కొత్తగా రాసింది ఒక్క లైనే. ఆ లైన్లో తప్పేం లేదు, ఒట్టు." రేపు ల్యాబ్ ఎగ్జామ్ అట. గొంతులో టెన్షన్ తెలుస్తూనే ఉంది.

వాడు చెప్పింది నిజమే. ఆ లైన్లో తప్పు లేదు. సీ నేర్చుకునేవాళ్లను బాగా ఏడిపించేది ఇదే కాబట్టి ముందు ఆ ప్రోగ్రామ్ కథ చెప్తాను. తర్వాత అదే ప్రోగ్రామ్ మీద నాలుగు పద్ధతులనూ పెట్టి చూద్దాం. ఏది దేనికి పనికొస్తుందో మాటల్లో చెప్పడం కంటే అలా చూస్తేనే బాగా అర్థమవుతుంది.

ప్రోగ్రామ్ చాలా మామూలుది. క్లాసులో ఎంతమంది అని అడుగుతుంది, అంతమందికి మాలక్‌తో చోటు తీసుకుంటుంది, మార్కులు చదువుతుంది, మొత్తం చెప్తుంది. మాలక్ బ్రాకెట్‌లో మాత్రం "ఎన్ ఇంటూ 2" అని ఉంది. ఈ 2 ఎక్కడిదంటే సీనియర్ల రికార్డు పుస్తకంలోది. ఆ పుస్తకం టర్బో సీ కాలం నాటిది. టర్బో సీ 16 బిట్ల డాస్ కంపైలర్, దానిలో ఇంట్ అంటే 2 బైట్లు. మన దగ్గర కొన్ని ల్యాబుల్లో ఆ నీలం తెర ఇంకా డాస్‌బాక్స్‌లో బతికే ఉంది. కానీ వీడు ఇంట్లో ఉబుంటు లైనక్స్ మీద జీసీసీ కంపైలర్ వాడుతున్నాడు. అక్కడ ఇంట్ 4 బైట్లు. అంటే అడిగింది కావాల్సిన దాంట్లో సగమే.

సగం చోటులో మొత్తం సరుకు సర్దేస్తే అప్పుడే కూలాలి కదా? కూలలేదు. 64 బిట్ల లైనక్స్‌లో మాలక్‌ను మీరు ఎంత తక్కువ అడిగినా వాడుకోదగ్గ చోటు 24 బైట్లకు తగ్గకుండా ఇస్తుంది. 5 మంది విద్యార్థులంటే అడిగింది 10, రాసేది 20, ఇచ్చింది 24. హాయిగా సరిపోయింది. 6 మందైతే సరిగ్గా 24. 7వ వాడి నుంచి రాత గట్టు దాటుతుంది. గట్టు అవతల ఉండేది మాలక్ సొంత లెక్క, అంటే ఇంకా ఎంత ఖాళీ మిగిలిందని అది రాసుకున్న అంకె. దాన్ని మనవాడి మార్కులు చెరిపేశాయి. అయినా ఎవరికీ తెలియలేదు, ఎందుకంటే ఆ తర్వాత ప్రోగ్రామ్‌లో ఆ లెక్క చూసే పని ఎవరికీ పడలేదు. 60 మంది మార్కులు ఎక్కించినా మొత్తం సరిగ్గానే వచ్చింది.

వారం తర్వాత గ్రేడ్ల కోసం ఇంకో మాలక్ రాశాడు. ఆ రెండో మాలక్ లెక్క తీసి చూసింది, పొంతన లేదు, "మాలక్: కరప్టెడ్ టాప్ సైజ్" అని ఒక ముక్క చెప్పి ప్రోగ్రామ్‌ను అక్కడికక్కడే ఆపేసింది. గుమ్మడికాయల దొంగ అంటే ఇక్కడ భుజాలు తడుముకున్నది ఏ పాపం ఎరగని లైను.

టూల్ ఎంచుకునేటప్పుడు మనసులో ఉంచుకోవాల్సింది ఇదొక్కటే: కొన్ని టూల్స్ ప్రోగ్రామ్ ఎక్కడ పడిపోయిందో చెప్తాయి, కొన్ని ఎక్కడ చెడిందో చెప్తాయి. మెమరీ తప్పుల్లో ఈ రెండూ చాలాసార్లు వేర్వేరు చోట్లు.

ప్రింట్‌ఎఫ్ పెట్టి చూడటం

అందరం ముందు చేసేది ఇదే. ఇక్కడికి వచ్చింది 1, ఇక్కడికి వచ్చింది 2 అని లైన్ల మధ్య చల్లుకుంటూ పోతాం. లాజిక్ తప్పులకు దీన్ని నేను చిన్నచూపు చూడను. లూప్ ఒకసారి ఎక్కువ తిరుగుతోందా, ఇఫ్ లోపలికి వెళ్తోందా లేదా అన్నది రెండు ప్రింట్‌ఎఫ్‌లతో నిమిషంలో తేలిపోతుంది.

మెమరీ తప్పు దగ్గర మాత్రం ఇది మోసం చేస్తుంది, అదీ రెండు రకాలుగా. మొదటిది బఫర్, అంటే రాసింది బయటికి వెళ్లేలోపు పోగుపడే చోటు. ప్రింట్‌ఎఫ్ రాసింది వెంటనే తెర మీదికి రాదు. టెర్మినల్‌లో అయితే లైన్ పూర్తయ్యాక, ఫైల్లోకి మళ్లిస్తే బఫర్ నిండాక వస్తుంది. ఈలోపు ప్రోగ్రామ్ కూలితే బఫర్‌లో ఉన్న మాటలు దాంతోపాటే పోతాయి. మీరేమో "మూడో ప్రింట్ రాలేదు, కాబట్టి రెండుకీ మూడుకీ మధ్యే కూలింది" అనుకుని తప్పు వీధిలో వెతుకుతుంటారు. దీనికి మందు సులువే: ఎఫ్‌ప్రింట్‌ఎఫ్‌తో ఎస్‌టీడీఎర్‌కు (తప్పుల సందేశాలు వెళ్లే దారికి) రాయండి, దానికి బఫర్ ఉండదు.

రెండోది ఇంకా చెడ్డది. లైనక్స్ లైబ్రరీలో ప్రింట్‌ఎఫ్‌ను మొదటిసారి పిలిచినప్పుడు తన బఫర్ కోసం అదే ఒక మాలక్ చేస్తుంది. అంటే మెమరీ అప్పటికే చెడి ఉంటే మీరు బగ్ వెతకడానికి పెట్టిన ప్రింట్‌ఎఫ్ దగ్గరే ప్రోగ్రామ్ కూలవచ్చు. లేదా హీప్ (మాలక్ చోటు తీసి ఇచ్చే మెమరీ) అమరిక మారి, మొన్నటి క్రాష్ మాయమైపోవచ్చు. "ప్రింట్‌ఎఫ్ పెడితే పని చేస్తోంది, తీస్తే కూలుతోంది" అని ఎవరైనా అంటే నాకు ఇంకేం అడగక్కర్లేదు, అది మెమరీ తప్పే. అలాంటప్పుడు ప్రింట్‌ఎఫ్‌లు పెంచుకుంటూ పోవడం దండగ.

జీడీబీ

రిచర్డ్ స్టాల్‌మన్ 1986లో రాసిన డీబగ్గర్. ప్రోగ్రామ్‌ను డ్యాష్ జీ ఫ్లాగ్‌తో కంపైల్ చేసి, జీడీబీలో రన్ కొట్టి, కూలగానే బీటీ అని టైప్ చేస్తే ఏ ఫంక్షన్‌ను ఎవరు పిలిచారో వరుసగా చూపిస్తుంది.

మా వాడి ప్రోగ్రామ్ మీద పెడితే ఏమొచ్చిందంటే, పైన అబార్ట్, దాని కింద మాలక్ లోపలి ఫంక్షన్లు నాలుగైదు, అన్నిటికీ కింద మెయిన్‌లో ఆ కొత్త లైన్. అంటే వాడికి ముందే తెలిసిన విషయాన్నే ఇంకాస్త భయపెట్టేలా చెప్పింది. జీడీబీ అబద్ధం చెప్పలేదు. పడిపోయిన చోటు అదే. కానీ మనకు కావాల్సింది చెడిన చోటు.

అలాగని జీడీబీ పనికిరానిది కాదు. పడిపోయిన చోటూ చెడిన చోటూ ఒకటే అయిన తప్పులు కూడా బోలెడున్నాయి. ఫోపెన్ చేసిన ఫైల్ ఆ ఫోల్డర్‌లో లేదు, అది నల్ (ఎక్కడికీ చూపని ఖాళీ పాయింటర్) ఇచ్చింది, చూసుకోకుండా ఎఫ్‌స్కాన్‌ఎఫ్‌కు ఇచ్చేశారు: సెగ్మెంటేషన్ ఫాల్ట్. బీటీ కొట్టి, మీ ఫైల్ పేరున్న ఫ్రేమ్‌కు వెళ్లి, ఆ పాయింటర్‌ను ప్రింట్ చేస్తే 0 అని కనిపిస్తుంది. ఒక్క నిమిషం పని. బైనరీ ట్రీలో కుడి పిల్ల లేని నోడ్‌కు కుడి వైపు వెళ్లడం, లింక్డ్ లిస్ట్ చివర దాటిపోవడం కూడా ఇదే కోవ.

రికర్షన్‌కు ఆగే షరతు మర్చిపోయినా జీడీబీయే బాగుంటుంది. బీటీ కొడితే అదే ఫంక్షన్ వేల వరుసలు కనిపిస్తుంది, వేరే సాక్ష్యం అక్కర్లేదు. ఇలాంటిదే ఇంకొకటి: మెయిన్ లోపల 2000 ఇంటూ 2000 ఇంట్ అరే పెట్టి మొదటి లైన్ కూడా నడవకుండానే కూలిందని తల పట్టుకునేవాళ్లను చూశాను. ఆ అరే 16 ఎంబీ. ఫంక్షన్ల లోపలి వేరియబుల్స్ ఉండే చోటును స్టాక్ అంటారు, లైనక్స్‌లో దానికి మామూలుగా ఇచ్చేది 8 ఎంబీ.

వాల్‌గ్రైండ్

ముందు పేరు సంగతి. దాన్ని తయారుచేసినవాళ్ల ప్రకారం పలకాల్సింది "వాల్‌గ్రిండ్" అని, పిండి మిషన్‌లో గ్రైండ్ కాదు. స్కాండినేవియా పురాణాల్లో వీరస్వర్గం ద్వారానికి ఆ పేరు. అయితే మన దగ్గర గ్రైండ్ అనే స్థిరపడిపోయింది, నేనూ అలాగే అంటాను. జూలియన్ సెవార్డ్ మొదలుపెట్టిన ఈ టూల్ 2002లో బయటికి వచ్చింది.

దీని గొప్పతనం ఏమిటంటే మీ ప్రోగ్రామ్‌ను మళ్లీ కంపైల్ చేయక్కర్లేదు. ఉన్న ఎగ్జిక్యూటబుల్ ముందు వాల్‌గ్రైండ్ అని రాస్తే చాలు. లైన్ నంబర్లు కావాలంటే డ్యాష్ జీ ఉండాలి, అంతే. అది మీ ప్రోగ్రామ్‌ను నేరుగా ప్రాసెసర్‌కు ఇవ్వదు. ప్రతి సూచననూ తన చేతుల మీదుగా నడిపిస్తూ, మెమరీలో ప్రతి బైటుకూ రెండు విషయాలు గుర్తు పెట్టుకుంటుంది. ఒకటి, ఈ బైటును ముట్టుకునే హక్కు ఉందా? రెండు, దీనిలో ఎవరైనా ఎప్పుడైనా ఏదైనా రాశారా? ఈ రెండోది బిట్టు బిట్టుకూ చూస్తుంది.

మా వాడి ప్రోగ్రామ్‌ను 60 మందితో దీని మీద నడిపితే 31వ విద్యార్థి మార్కు దగ్గరే అరిచింది. "ఇన్‌వాలిడ్ రైట్ ఆఫ్ సైజ్ 4", అంటే 4 బైట్లు రాయకూడని చోట రాశావు; ఆ చోటు 120 బైట్ల బ్లాక్ దాటిన వెంటనే ఉంది; ఆ బ్లాక్‌ను ఫలానా లైన్లో మాలక్ చేశావు. 60 మందికి 120 బైట్లు అడిగాడు, 30 మందికే సరిపోయాయి, 31వ వాడు బయట పడ్డాడు. నేరం జరిగిన లైనూ, దానికి కారణమైన మాలక్ లైనూ రెండూ ఒకే చోట ఉన్నాయి. జీడీబీకి దీనికి తేడా అదే.

చదివేటప్పుడు ఒక చిన్న జాగ్రత్త: మార్కులు స్కాన్‌ఎఫ్‌తో చదువుతున్నాం కాబట్టి రిపోర్టులో పై వరుస లైబ్రరీ లోపలి ఫంక్షన్ పేరు చూపిస్తుంది. అది చూసి స్కాన్‌ఎఫ్‌లో బగ్ అనుకోకండి. పై నుంచి కిందికి వస్తూ మీ ఫైల్ పేరు మొదటిసారి ఎక్కడ కనిపిస్తే అక్కడ ఆగండి. ఇంకోటి, రిపోర్టు పేజీలకు పేజీలు వస్తుంది. మొదటి తప్పు ఒక్కటే చదివి, సరిదిద్ది, మళ్లీ నడపండి. కింద ఉన్నవాటిలో చాలా వరకు దాని పిల్లలే.

ఇక లోపాలు. నెమ్మది. దాని సొంత మాన్యువలే ప్రోగ్రామ్ 20 నుంచి 30 రెట్లు నెమ్మదిస్తుందని చెప్తుంది. ల్యాబ్ ప్రోగ్రామ్‌కు ఇది లెక్కలోకి రాదు, పది లక్షల అంకెలు సార్ట్ చేస్తుంటే టీ తాగి రావచ్చు. అసలు లోపం వేరే ఉంది: మాలక్‌తో తెచ్చిన హీప్ బ్లాకుల గట్లు దానికి తెలుసు గానీ, ఫంక్షన్ లోపల మామూలుగా ప్రకటించిన అరేల గట్లు తెలియవు. మొదటి సంవత్సరం ప్రోగ్రాముల్లో ఎక్కువ అరేలు అలాంటివే.

అడ్రస్ శానిటైజర్

గూగుల్ ఇంజనీర్లు తయారుచేసి 2012లో పరిశోధన పత్రంగా ప్రకటించారు. క్లాంగ్ అనే ఇంకో కంపైలర్‌లో 3.1 నుంచి, జీసీసీలో 4.8 నుంచి లోపలే ఉంది, విడిగా వెతుక్కోవాల్సిన పని సాధారణంగా ఉండదు. కంపైల్ చేసేటప్పుడు డ్యాష్ జీతో పాటు ఇంకో ఫ్లాగ్ ఇవ్వాలి: ముందు డ్యాష్, ఆ వెంటనే ఎఫ్ అక్షరం, దానికి అతికించి శానిటైజ్ అనే మాట, తర్వాత ఈక్వల్ గుర్తు, చివర అడ్రస్. మధ్యలో ఖాళీ ఎక్కడా వద్దు. తర్వాత ప్రోగ్రామ్‌ను ఎప్పటిలాగే నడపండి.

పని చేసే తీరు వాల్‌గ్రైండ్‌కు వేరు. ఇది బయట నిలబడి చూడదు, కంపైలర్ చేత మీ కోడ్ లోపలే తనిఖీలు రాయిస్తుంది. ప్రతి 8 బైట్లకూ ఒక బైటు చొప్పున పక్కన ఒక నీడ పటం పెట్టుకుంటుంది. మీ అరేల చుట్టూ, హీప్ బ్లాకుల చుట్టూ ఎవరూ ముట్టుకోకూడని ఖాళీ జాగా వదిలి, నీడలో ఎర్ర గుర్తు పెడుతుంది. మన పొలాల చుట్టూ కంచె వేసి కరెంటు పెట్టినట్టు. కాలు పెట్టారో, అక్కడే ఆగిపోతారు. తనిఖీ కోడ్‌లోనే ఉంది కాబట్టి ప్రోగ్రామ్ దాదాపు రెండు రెట్లే నెమ్మదిస్తుంది, ఆ తేడా మీ కంటికి కనపడదు.

మా వాడి ప్రోగ్రామ్ దీనితోనూ 31వ మార్కుకు ఎంటర్ కొట్టగానే ఆగింది. "హీప్ బఫర్ ఓవర్‌ఫ్లో", రైట్ ఆఫ్ సైజ్ 4, 120 బైట్ల ప్రాంతానికి 0 బైట్ల అవతల. వాల్‌గ్రైండ్ చెప్పినవన్నీ చెప్పింది, రంగుల్లో చెప్పింది. మొదటి తప్పు దగ్గరే ఆపేస్తుంది కాబట్టి వంద తప్పుల జాబితా చూసి బెదిరిపోవడం ఉండదు. కొత్తవాళ్లకు ఇది వరమే.

ఇంతవరకు ఇద్దరూ సమానం. ఫ్రీ చేసిన, అంటే వెనక్కి ఇచ్చేసిన మెమరీని మళ్లీ వాడే తప్పు దగ్గరా ఇద్దరూ మంచివాళ్లే. లింక్డ్ లిస్ట్ మొత్తం ఫ్రీ చేయమంటే చాలామంది ఫార్ లూప్‌లో నోడ్‌ను ఫ్రీ చేసి, అదే నోడ్ లోపలి నెక్స్ట్ పట్టుకుని ముందుకు పోతారు. ఇల్లు అమ్మేశాక అటక మీద సామాను కోసం వెళ్లడం లాంటిది. శానిటైజర్ దీనికి మూడు వాంగ్మూలాలు ఇస్తుంది: ఎక్కడ వాడావు, ఎక్కడ ఫ్రీ చేశావు, ఎక్కడ మాలక్ చేశావు. మూడు లైన్ నంబర్లు పక్కపక్కన పెట్టుకుంటే కథ అదే తెలిసిపోతుంది.

మరి ఈ రెండూ ఎక్కడ విడిపోతాయి?

అసలు ఎంపిక ఇక్కడే. రెండు తప్పులు చెప్తాను, ఒకటి ఒకరు పట్టలేరు, ఇంకోటి ఇంకొకరు పట్టలేరు.

మొదటిది స్టాక్ మీద అరే. దీనికి మన తెలుగే మంచి ఉదాహరణ. పేరు దాచడానికి 20 బైట్ల క్యార్ అరే పెట్టుకుని, స్కాన్‌ఎఫ్‌తో పేరు చదివారనుకోండి. ఎవరో "లక్ష్మి" అని తెలుగులో టైప్ చేశారు. కంటికి కనిపించేవి రెండే అక్షరాలు. యూనికోడ్ లెక్కలో ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి కలిపి ఏడు. యూటీఎఫ్-8లో తెలుగు గుర్తు ఒక్కోటి 3 బైట్లు, అంటే 21. చివర సున్నా బైటుతో 22. రెండక్షరాల పేరు 20 బైట్ల అరేను దాటేసింది! ఇంగ్లిష్‌లో ఎన్ని పేర్లతో పరీక్షించినా బయటపడని తప్పు ఇది.

వాల్‌గ్రైండ్ దీన్ని చూసి ఊరుకుంటుంది. దాని దృష్టిలో అది మీ స్టాకే, మీ ఇష్టం. జీసీసీలో స్టాక్ కాపలా ఒకటి ఉంటుంది, ఉబుంటులో అది ముందే పెట్టి వస్తుంది, "స్టాక్ స్మాషింగ్ డిటెక్టెడ్" అనేది దాని గొంతే. కానీ రెండు బైట్లే దాటితే ఆ రాత అరే పక్కనున్న ఖాళీలో పడి కాపలా దాకా వెళ్లకపోవచ్చు. అడ్రస్ శానిటైజర్ ఒక్క బైటు దాటినా పట్టుకుంటుంది, ఏ ఫంక్షన్‌లో ఏ వేరియబుల్ గట్టు దాటారో పేరుతో సహా చెప్తుంది.

రెండోది మొదటి విలువ ఇవ్వని వేరియబుల్. ఇంట్ సమ్ అని ప్రకటించి 0 ఇవ్వడం మర్చిపోయి, లూప్‌లో కూడుకుంటూ పోయారు. ఒకసారి సరైన జవాబు, ఒకసారి 32 వేల చిల్లర, మీ లాప్‌టాప్‌లో బాగుంటుంది, ల్యాబ్‌లో మేడమ్ ముందు తప్పొస్తుంది. ఇది చూసి అడ్రస్ శానిటైజర్ నోరెత్తదు. ఎత్తాల్సిన పని దానికి లేదు, ఎందుకంటే సమ్ ఉన్న చోటు మీదే, గట్టేమీ దాటలేదు. లోపల చెత్త ఉందా బంగారం ఉందా అన్నది దాని పరిధి కాదు.

వాల్‌గ్రైండ్‌కు మాత్రం ఏ బిట్‌లో రాత పడిందో, ఏది పడలేదో తెలుసు. "కండిషనల్ జంప్ డిపెండ్స్ ఆన్ అన్‌ఇనిషియలైజ్డ్ వాల్యూ" అంటుంది. తమాషా ఏమిటంటే ఆ చెత్తను మీరు కూడినప్పుడు, కాపీ చేసినప్పుడు ఏమీ అనదు. దాన్ని చూసి ప్రోగ్రామ్ ఒక నిర్ణయం తీసుకున్నప్పుడే అంటుంది. కాబట్టి ఫిర్యాదు చాలాసార్లు ప్రింట్‌ఎఫ్ లోపల కనిపిస్తుంది. ట్రాక్ ఆరిజిన్స్ అనే ఆప్షన్‌కు ఎస్ ఇచ్చి నడిపితే ఆ చెత్త ఏ ఫంక్షన్‌లో పుట్టిందో కూడా చెప్తుంది. ఇంకాస్త నెమ్మదిస్తుంది, ఫర్వాలేదు. శానిటైజర్ల కుటుంబంలో దీనికోసం మెమరీ శానిటైజర్ అని ఒకటి ఉంది గానీ అది క్లాంగ్‌లోనే ఉంది, జీసీసీలో లేదు. కొత్తవాళ్లకు వాల్‌గ్రైండే సులువు.

లీకుల దగ్గర, అంటే మాలక్ చేసి ఫ్రీ చేయకుండా వదిలేసిన మెమరీ దగ్గర, పెద్ద తేడా లేదు. లైనక్స్‌లో శానిటైజర్ ప్రోగ్రామ్ ముగిశాక ఫ్రీ చేయనివి బైట్లతో సహా చెప్తుంది. వాల్‌గ్రైండ్ ఇంకాస్త వివరంగా, పూర్తిగా పోయినవి వేరు, ఇంకా పాయింటర్ మిగిలి ఉన్నవి వేరు అని విడదీస్తుంది. లిస్ట్ హెడ్ పాయింటర్ పోగొట్టుకుంటే మొదటి నోడ్ నేరుగా పోయిందనీ, మిగతావి దాని వల్ల పోయాయనీ విడివిడిగా చూపిస్తుంది. నా మటుకు నాకు మొదటి సంవత్సరంలో లీకు గురించి నిద్ర మానుకోనక్కర్లేదు. ప్రోగ్రామ్ ముగియగానే ఆపరేటింగ్ సిస్టమ్ మొత్తం వెనక్కి తీసుకుంటుంది. గట్టు దాటి రాయడం, ఫ్రీ చేసింది వాడటం, ఈ రెండూ ముందు మానుకోవాలి.

ఒక్క హెచ్చరిక: ఇవన్నీ ఒకేసారి వాడదామని ఆశపడకండి. శానిటైజర్‌తో కంపైల్ చేసిన ప్రోగ్రామ్ వాల్‌గ్రైండ్ కింద నడవదు. జీడీబీ కింద నడిపితే శానిటైజర్ లీకుల లెక్క పని చేయదు. వాల్‌గ్రైండ్ కోసం ఆ ఫ్లాగ్ తీసేసి ఇంకోసారి కంపైల్ చేసుకోండి.

వీటన్నిటికంటే ముందు

కంపైలర్ హెచ్చరికలు. డ్యాష్ డబ్ల్యూ ఆల్, డ్యాష్ డబ్ల్యూ ఎక్స్‌ట్రా, ఈ రెండూ పెట్టకుండా సీ కంపైల్ చేయడం హెల్మెట్ లేకుండా హైవే ఎక్కడమే. స్కాన్‌ఎఫ్‌లో యాంపర్‌సాండ్ మర్చిపోవడం, ఫార్మాట్‌లో డీ బదులు ఎస్ రాయడం, ఫంక్షన్ లోపలి లోకల్ అరే అడ్రస్‌ను బయటికి పంపడం, ఇవన్నీ నడపకముందే దొరుకుతాయి. మా వాడి 2 మాత్రం ఈ హెచ్చరికలకు దొరకలేదు. అందుకే మిగతా కథ అంతా.

జీసీసీ 10 నుంచి ఎఫ్-అనలైజర్ అని ప్రోగ్రామ్‌ను నడపకుండానే చదివి తప్పులు ఊహించే ఆప్షన్ కూడా వచ్చింది. అప్పుడప్పుడు చూడండి, దాని మీదే ఆధారపడకండి.

మీ దగ్గరున్న మిషన్ ఏది?

నిజానికి చాలామందికి ఎంపిక ఇక్కడే సగం అయిపోతుంది. లైనక్స్ ఉంటే పై నాలుగూ మీవే. విండోస్‌లో కోడ్‌బ్లాక్స్, డెవ్ సీ వాడేవాళ్లకు చిక్కుంది: వాటితో వచ్చే మింగ్‌డబ్ల్యూ జీసీసీలో అడ్రస్ శానిటైజర్ పని చేయదు, ఫ్లాగ్ ఇస్తే లింక్ కాలేదని ఎర్రర్ వస్తుంది. వాల్‌గ్రైండ్ విండోస్‌కు లేనే లేదు. నా సలహా, విండోస్‌లోనే లైనక్స్ నడిపించే డబ్ల్యూఎస్‌ఎల్ ఆన్ చేసుకుని దానిలో ఉబుంటు పెట్టుకోండి. ఒక సాయంత్రం పని, నాలుగేళ్లు పనికొస్తుంది. అది కుదరకపోతే విజువల్ స్టూడియోలో మైక్రోసాఫ్ట్ కంపైలర్‌కు అడ్రస్ శానిటైజర్ ఉంది, 2019 వెర్షన్ 16.9 నుంచి. లీకులు మాత్రం అది చెప్పదు. విండోస్‌లో వాల్‌గ్రైండ్ లాంటిది కావాలంటే డాక్టర్ మెమరీ అనే ఉచిత టూల్ ఉంది.

మ్యాక్ వాళ్లకు క్లాంగ్‌తో అడ్రస్ శానిటైజర్ వస్తుంది, లీకుల కోసం ఆపిల్ ఇచ్చే లీక్స్ అనే కమాండ్ వేరే ఉంది. వాల్‌గ్రైండ్‌ను అక్కడ నమ్ముకోవద్దు. లాప్‌టాపే లేనివాళ్లు ఫోన్ బ్రౌజర్‌లో కంపైలర్ ఎక్స్‌ప్లోరర్ తెరవండి, గాడ్‌బోల్ట్ అంటే ఎక్కువమందికి తెలుస్తుంది. అక్కడ ఫ్లాగుల గడిలో శానిటైజ్ ఫ్లాగ్ రాసి ప్రోగ్రామ్‌ను నడిపించవచ్చు.

టర్బో సీ మీదే ల్యాబ్ జరుగుతుంటే? దానిలో ఇవేవీ లేవు. డాస్‌కు మెమరీ రక్షణ లేదు కాబట్టి సెగ్‌ఫాల్ట్ కూడా రాదు. ప్రోగ్రామ్ అంతా అయిపోయాక "నల్ పాయింటర్ అసైన్‌మెంట్" అని ఒక లైన్ వస్తే అదే మీ అదృష్టం, ఎక్కడ జరిగిందో చెప్పదు. ప్రోగ్రామ్‌ను ఇంట్లో జీసీసీ మీద శానిటైజర్‌తో కడిగి, ల్యాబ్‌లో టర్బో సీకి తగ్గట్టు హెడర్లు మార్చుకుని ఎక్కించండి. 2 అనో 4 అనో రాయకుండా, ఆ కంపైలర్‌లో ఇంట్ ఎన్ని బైట్లో చెప్పే సైజాఫ్ వాడితే రెండు చోట్లా అదే కోడ్ నడుస్తుంది.

నేనైతే ఇలా ఎంచుకుంటాను

రోజూ రాసేటప్పుడు, తప్పు ఉన్నా లేకున్నా, హెచ్చరికల ఫ్లాగులతో పాటు అడ్రస్ శానిటైజర్ పెట్టే కంపైల్ చేస్తాను. తప్పొచ్చాక తీసే టూల్‌గా కాదు, బండి ఎక్కగానే పెట్టుకునే బెల్టులాగా. కొత్తగా సీ నేర్చుకుంటున్న ఎవరికైనా ఒక్కటే చెప్పాల్సి వస్తే ఇదే చెప్తాను, రెండో ఆలోచన లేదు.

శానిటైజర్ ఏమీ అనలేదు, కానీ జవాబు ఒక్కో పరుగుకు ఒక్కోలా వస్తోంది. అప్పుడు వాల్‌గ్రైండ్. అలాగే సోర్స్ లేకుండా ఎగ్జిక్యూటబుల్ మాత్రమే చేతిలో ఉన్నా, మళ్లీ కంపైల్ చేయడం కష్టమైనా అదే దిక్కు.

ఏ లైనో తెలిసింది, పాయింటర్ నల్ అని కూడా తెలిసింది, కానీ అది నల్ ఎలా అయిందో తెలియదు. అప్పుడు జీడీబీ తీసి, ఆ లైన్‌కు ముందు బ్రేక్‌పాయింట్ పెట్టి, ఒక్కో అడుగు వేస్తూ చూస్తాను. మెమరీ అంతా శుభ్రంగా ఉంది, సగటు మాత్రం తప్పొస్తోందంటే ప్రింట్‌ఎఫ్ చాలు.

ఆ రాత్రి మా వాడి చేత ఫోన్లోనే ఫ్లాగ్ రాయించి, 60 మార్కులూ మళ్లీ మళ్లీ టైప్ చేయకుండా ఒక టెక్స్ట్ ఫైల్లో పెట్టించి, అక్కడి నుంచే ఇన్‌పుట్ ఇప్పించాను. ఎర్ర అక్షరాలు చూసి ముందు కంగారుపడ్డాడు. తర్వాత తన ఫైల్ పేరున్న లైన్ దొరికింది, పక్కనే 120 అంకె దొరికింది. "అరవై రెళ్లు నూట ఇరవై... అన్నా, ఆ 2 కదా!" అన్నాడు. తీసేసి సైజాఫ్ రాశాడు. మొత్తం వచ్చింది, గ్రేడ్లు వచ్చాయి. ఫోన్ పెట్టేయబోతుంటే మళ్లీ కేక. ప్రోగ్రామ్ ముగిశాక ఇంకో ఎర్ర పేరా వచ్చిందట: 240 బైట్లు ఒకటి, 60 బైట్లు ఒకటి, రెండూ లీక్ అయ్యాయని.

"ఇది ఇక నోరు మూయదా అన్నా?" అన్నాడు.

"రెండు ఫ్రీలు రాస్తే మూస్తుంది" అని చెప్పి పడుకున్నాను.